గాలికి పగ్గం

అటు ట్యాంక్‌బండ్ మీద బస్సుల హారన్లు. ఇటు నెక్లెస్ రోడ్డులో మిర్చి బజ్జీల ఘుమఘుమలు. నడుమ నిలువెత్తు బుద్ధుడు. హుస్సేన్‌సాగర్ అనగానే మనకు గుర్తొచ్చేవి ఇవే. కానీ జులైలో ఓ ఉదయం సంజీవయ్య పార్కు వైపు ఒడ్డుకు వెళ్తే మరో సాగర్ కనిపిస్తుంది. పదేళ్ల పిల్లలు మూడు కర్రలూ కొన్ని తాళ్లూ ఒక గుడ్డా ముందేసుకుని కూర్చుంటారు. చూస్తుండగానే వాటితో పడవను సిద్ధం చేసుకుని నీళ్లలోకి వెళ్లిపోతారు. ఇంజిన్ ఉండదు, ఇంధనం ఉండదు. ఉన్నదల్లా గాలి, దానికి వాళ్లు వేసే పగ్గం!

వానాకాలం వచ్చిందంటే...

హైదరాబాద్ నుంచి సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాలి. అలాంటి ఊళ్లో తెరచాప పడవల పందేలేమిటి అనిపిస్తుంది ఎవరికైనా. కానీ ఏటా వానాకాలంలో దేశం నలుమూలల నుంచీ క్రీడాకారులు ఈ చెరువును వెతుక్కుంటూ వస్తారు. ముంబయి నుంచీ, చెన్నై నుంచీ... అంటే ఇంటిముందు సముద్రం ఉన్నవాళ్లు కూడా!

కారణం గాలే. నైరుతి రుతుపవనాలు మొదలయ్యాక దక్కన్ పీఠభూమి మీద పడమటి గాలి జోరుగా వీస్తుంది. అదే సమయంలో పడమటి తీరంలో సముద్రం పోటెత్తి ఉంటుంది. చిన్న పడవను అలల్లోకి దించడం ప్రమాదం. సాగర్‌లో అయితే గాలి ఉంటుంది, అంతటి అలలు ఉండవు. నెక్లెస్ రోడ్డు వైపు నుంచి బయల్దేరిన గాలి నీళ్ల మీదుగా ట్యాంక్‌బండ్ కట్ట దాకా సాగిపోతుంది. అందుకే సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ నిర్వహించే హైదరాబాద్ సెయిలింగ్ వీక్ అయినా, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ జరిపే మాన్సూన్ రెగట్టా అయినా ఈ కాలంలోనే సందడి చేస్తాయి.

1562 ప్రాంతంలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా హయాంలో హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో ఈ చెరువు తవ్వారు. తాగునీటికీ సాగునీటికీ కట్టిన చెరువు అది. దానిమీద పిల్లలు పడవ పందేలు ఆడతారని ఆనాడు ఎవరూ అనుకుని ఉండరు.

పేరులోనే ఆశ

పిల్లలు నడిపే ఆ బుల్లి పడవ పేరు ఆప్టిమిస్ట్. అంటే ఆశావాది అన్నమాట. చూడ్డానికి అంత అందంగా ఏమీ ఉండదు. ముక్కు కోసుగా ఉండదు, చెక్కపెట్టెను కాస్త సాగదీసినట్టు మొండిగా ఉంటుంది. దాని వెనక ఓ కథ ఉంది.

1947లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, క్లియర్‌వాటర్ అనే ఊళ్లో పిల్లల కోసం ఓ చవకైన పడవ కావాలనుకున్నారు. ఖర్చు 50 డాలర్లు దాటకూడదు. బజారులో దొరికే నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ప్లైవుడ్ పలకలు రెండింటితోనే సరిపెట్టాలి. క్లార్క్ మిల్స్ అనే పడవల తయారీదారు ఆ లెక్కకు సరిపోయేలా దీన్ని గీశారు. కోసు ముక్కు పెడితే పలక చాలదు, అందుకే ముక్కు మొండిగా వదిలేశారు. ఆ పనికి ముందుకొచ్చిన సేవాసంస్థ ఆప్టిమిస్ట్ క్లబ్. ఆ పేరే పడవకూ వచ్చింది. 1950ల్లో డెన్మార్క్ మీదుగా ఐరోపాకు చేరి, ఇప్పుడు వందకు పైగా దేశాల్లో తిరుగుతోంది. ప్లైవుడ్ పోయి ఫైబర్‌గ్లాస్ వచ్చింది కానీ కొలతలు పెద్దగా మారలేదు. పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు, తెరచాప వైశాల్యం సుమారు 3.3 చదరపు మీటర్లు. పదిహేనేళ్లు నిండే ఏడాది వరకే ఈ పడవలో పోటీకి అనుమతి. ఆ తర్వాత పెద్ద పడవకు మారాల్సిందే.

ఇంత చిన్న పడవే అయినా లోకువగా చూడ్డానికి లేదు. ఒలింపిక్ పతకాలు గెలిచిన సెయిలర్లలో చాలామంది అక్షరాభ్యాసం ఇందులోనే జరిగింది.

కర్రలు మూడు, తెర ఒకటి

పడవ ఒడ్డుకు చేరేసరికి ఖాళీ డొప్పే. మిగతాదంతా విడివిడిగా సంచుల్లో, గొట్టాల్లో ఉంటుంది. వాటిని కలిపి కట్టుకోవడాన్ని రిగ్గింగ్ అంటారు. కొత్తగా చేరిన పిల్లలు నీళ్ల మీదికి వెళ్లడం కన్నా ముందు నేర్చుకునేది ఇదే.

మొదటి పని గాలి ఎటు నుంచి వస్తోందో చూడటం. చెట్ల ఆకులు, నీటి మీద ముడతలు, ఎదురుగా ఎగిరే జెండాలు... ఏదైనా సరే చెబుతుంది. సంజీవయ్య పార్కులో 291 అడుగుల స్తంభం మీద జాతీయ జెండా ఎగిరే రోజున ఆ బెంగే అక్కర్లేదు. పడవ ముక్కును సరిగ్గా గాలికి ఎదురుగా తిప్పి పెడతారు. అలా పెడితే తెరచాప ఎత్తినా జెండాలా రెపరెపలాడుతుందే తప్ప గాలి నింపుకోదు. పక్కకు పెడితే మాత్రం తెర ఒక్కసారిగా ఉబ్బి, పడవ ఒడ్డు మీదే బోర్లా పడుతుంది.

తర్వాత కర్రలు. పేరుకే కర్రలు, ఇప్పుడన్నీ అల్యూమినియం గొట్టాలే. నిలువుగా నిలబడేది మాస్ట్. సుమారు 2.35 మీటర్లు. మన పాత పడవల్లో తెరచాప కొయ్య అనేవారే, అదే. కింద అడ్డంగా ఉండేది బూమ్. ఈ రెండూ దాదాపు అన్ని పడవల్లో ఉండేవే. ఆప్టిమిస్ట్ ప్రత్యేకత అంతా మూడోదాంట్లో ఉంది. దాని పేరు స్ప్రిట్. మాస్ట్ నడుము దగ్గర మొదలై ఏటవాలుగా పైకి వెళ్లి, తెరచాప పై మూలను ఎత్తి పట్టుకునే కర్ర ఇది. ఎండకు పందిరి గుడ్డ కడితే మూల జారకుండా ఏటవాలుగా వెదురు బొంగు పోటు పెడతాం చూడండి, అలాగన్నమాట. ఈ ఏర్పాటు వల్ల మాస్ట్ పొట్టిగా ఉన్నా తెర మాత్రం ఎత్తుగా నిలుస్తుంది. మూడు కర్రలూ పడవ పొడవుకు కాస్త అటూ ఇటూగానే ఉంటాయి కాబట్టి అన్నీ పడవలోనే పెట్టి మోసుకుపోవచ్చు.

ఇక తెరచాప. దళసరి పాలిస్టర్ గుడ్డ. కొత్తది చేతిలో పట్టుకుంటే గంజి పెట్టిన చీరలా గరగరలాడుతుంది. అంచుల వెంట, చెప్పులేసు రంధ్రాల్లాగా, రింగులు పొదిగిన రంధ్రాలు వరసగా ఉంటాయి. మాస్ట్‌ను నేల మీద పడుకోబెట్టి, తెర పక్క అంచును దానికి ఆనించి, ఒక్కో రంధ్రంలోంచి సన్నటి తాడు పోనిచ్చి, మాస్ట్ చుట్టూ తిప్పి ముడి వేస్తారు. ముందు పై మూల, తర్వాత కింది మూల, ఆపైన మధ్యలోవి. ఆ వెంటనే బూమ్‌కూ ఇదే తంతు.

వినడానికి పూలదండ కట్టినంత తేలిక. కట్టడం మొదలుపెడితే తెలుస్తుంది తిప్పలు. పోటీ నిబంధనల ప్రకారం తెరకూ కర్రకూ మధ్య ఖాళీ ఒక సెంటీమీటరు దాటకూడదు. అలాగని బిగించి కడితే తెర కర్ర చుట్టూ తిరగలేదు, ముడతలు పడుతుంది. ఒకచోట వదులు, ఒకచోట బిగువు అయితే గాలి ఒరుసుకుపోవాల్సిన చోట చిక్కుకుపోతుంది. అన్ని ముడులూ ఒకే తీరుగా రావాలి. అందుకే మొదటిరోజు పిల్లలకు గంట పట్టినా పూర్తికాని పని, ఏడాది తిరిగేసరికి కబుర్లు చెప్పుకుంటూ చేసేస్తారు.

తెర కట్టడం పూర్తయ్యాక మాస్ట్‌ను లేపి నిలబెట్టాలి. పడవ ముక్కు దగ్గర అడ్డుపలకకు ఓ రంధ్రం, దాని కింద అడుగున గిన్నెలాంటి గుంట ఉంటాయి. మాస్ట్ పైదాంట్లోంచి దూరి కిందిదాంట్లో కూర్చుంటుంది. అంతటితో వదిలేయకూడదు. తాడుతోనో బిగింపుతోనో దాన్ని పడవకు కట్టేయాలి. లేదంటే పడవ తిరగబడినప్పుడు మాస్ట్ గుంటలోంచి ఊడి, ఆ ఊపులో అడ్డుపలకను చీల్చేస్తుంది.

చివర్లో స్ప్రిట్. దాని పై కొనను తెర మూలన ఉన్న ఉచ్చులో దూర్చి, కింద తాడు లాగుతుంటే అప్పటిదాకా తలవాల్చుకుని ఉన్న గుడ్డ ఒక్కసారి వెన్నెముక వచ్చినట్టు లేచి నిలుస్తుంది. చూసేవాళ్లకు కూడా ముచ్చటేసే ఘట్టం అది.

ముడతలే మాట్లాడతాయి

అయిపోయిందా? లేదు. ఇప్పుడు తెరను చదవాలి. మాస్ట్ పై మూల నుంచి బూమ్ చివరికి ఏటవాలుగా ముడత పడితే స్ప్రిట్ వదులుగా ఉందని. ఎదురు కోణంలో, అంటే తెర శిఖరం నుంచి మాస్ట్ అడుగుకు ముడత పడితే మరీ బిగిసిందని. ఇస్త్రీ చేసే అమ్మ చేతిలో చొక్కా మడతలా, ఏ ముడత ఎందుకు వచ్చిందో చూడగానే చెప్పగలగాలి.

తెరకు కాస్త పొట్ట కూడా ఉండాలి. గాలి మందంగా ఉన్న రోజు బూమ్ చివరి తాడు వదులు చేస్తే తెర లోతుగా ఉబ్బి ఉన్న కాస్త గాలినీ ఒడిసిపడుతుంది. గాలి జోరుగా ఉంటే ఆ తాడే బిగించి తెరను చదును చేయాలి. లేకపోతే ముప్ఫై కిలోల పిల్లాణ్ని ఆ పొట్టే పడవతో సహా పక్కకు తోసేస్తుంది. బూమ్ పైకి లేవకుండా కిందికి లాగి పట్టే తాడు మరొకటి. ఇవన్నీ కాక, నడిపేవాళ్ల చేతిలో ఎప్పుడూ ఉండే తాడు ఒకటుంది. దాని పేరు మెయిన్‌షీట్. షీట్ అంటే గుడ్డ అనుకునేరు, సెయిలింగ్ భాషలో అది తాడే! తెరను దగ్గరికి లాగాలన్నా, వదలాలన్నా దాంతోనే. ఎద్దుకు పగ్గం ఎలాగో గాలికి ఇది అలాగ.

వెనక చుక్కాని తగిలించి, దాన్ని తిప్పే కర్రను అమర్చాక పడవను నీళ్లలోకి నెడతారు. మోకాలి లోతు దాటాక పడవ మధ్యలోని సన్నటి గాడిలోంచి కత్తిలాంటి పలకను కిందికి దించుతారు. డాగర్‌బోర్డ్ అనే ఈ పలక లేకుండా ఎంత చక్కగా తెర కట్టినా లాభం లేదు. పడవ ముందుకు పోకుండా పీతలా పక్కకు జరుగుతుంది.

ఎవరి ముడి వాళ్లదే

ఒడ్డున తరచూ వినిపించే మాట ఒకటుంది. ‘‘అక్కా, నా ముడి కరెక్టేనా?’’ అని చిన్నవాళ్లు అడుగుతారు. పెద్దపిల్లలు వచ్చి చూస్తారు, వేలు పెట్టి చూపిస్తారు. కానీ విప్పి మళ్లీ కట్టేది మాత్రం అడిగినవాళ్లే. శిక్షకులు కూడా అంతే. ఎందుకంటే నీళ్లలోకి వెళ్లాక పడవలో ఉండేది ఒక్కరే. సాగర్ మధ్యలో ముడి ఊడితే పరిగెత్తుకొచ్చి కట్టిపెట్టేందుకు అక్కడ అక్కా ఉండదు, సారూ ఉండరు.

మన పల్లెల్లో గీత కార్మికుడు తన మోకును ఇంకొకరికి అప్పగించి తాడిచెట్టు ఎక్కడు. పేట్లు ఎక్కడ అరిగాయో, ముడి ఎక్కడ వదులైందో తన చేత్తో తడిమి చూసుకున్నాకే కాలు పైకి పెడతాడు. పాణం దాని మీదే కదా మరి. ఈ పిల్లలకు పదేళ్లకే ఆ సంగతి తెలిసిపోతుంది.

ముడులు కూడా వందేమీ అక్కర్లేదు. మూడు చాలు. తెరను కర్రకు కట్టడానికి రీఫ్ నాట్. కుడి కొస ఎడమ మీదుగా ఒకసారి, ఎడమ కొస కుడి మీదుగా ఇంకోసారి. రెండుసార్లూ ఒకవైపే వేస్తే అచ్చం అలాగే కనిపిస్తుంది కానీ తడిసి లాగుడు పడగానే జారిపోతుంది. రెండోది 8 అంకె ఆకారంలో ఉండేది. తాడు కొస కప్పీలోంచి జారిపోకుండా అడ్డుపడుతుంది. మూడోది బౌలైన్. తాడు చివర ఉచ్చు వేస్తుంది, ఎంత లాగినా ఆ ఉచ్చు బిగుసుకోదు, లాగుడు తగ్గాక తేలిగ్గా విప్పుకోవచ్చు. దీన్ని ప్రపంచమంతా పిల్లలకు కుందేలు కథ చెప్పి నేర్పుతారు. బొరియలోంచి వచ్చిన కుందేలు చెట్టు చుట్టూ తిరిగి మళ్లీ బొరియలోకి దూరిపోవడమే బౌలైన్!

బడిలో తప్పు చేస్తే ఎర్ర సిరాతో గీత పడుతుంది. ఇక్కడ దిద్దేది గాలి. అది కోప్పడదు, మొహమాటపడదు, సిఫార్సు వినదు. వదులు ముడి ఎవరిదైనా విప్పేస్తుంది. పిల్లలు ఇంటికి తీసుకెళ్లే పాఠం బహుశా అదే.

గాలివాటం కాదు

గాలి ఎటు వీస్తే అటు కొట్టుకుపోయేవాళ్లను గాలివాటం మనుషులంటాం. కానీ తెరచాప పడవ అసలు గొప్పతనం గాలివాటంగా వెళ్లడంలో లేదు, గాలికి ఎదురెళ్లడంలో ఉంది.

సూటిగా ఎదురెళ్లడం ఎవరి వల్లా కాదు. సుమారు 45 డిగ్రీల కోణంలో మాత్రం వెళ్లొచ్చు. తెర వంపు మీదుగా గాలి సాగేటప్పుడు రెండు వైపులా ఒత్తిడిలో తేడా వస్తుంది. విమానం రెక్క పనిచేసేది కూడా ఇలాగే. ఆ తేడా పడవను ముందుకూ పక్కకూ లాగుతుంది. పక్కకు పోకుండా నీళ్లలోని డాగర్‌బోర్డ్ ఆపుతుంది. మిగిలేది ముందుకు పోవడమే. కాసేపు కుడికోణంలో, కాసేపు ఎడమకోణంలో ఘాట్ రోడ్డు ఎక్కే బస్సులా మెలికలు తిరుగుతూ గాలి పుట్టినచోటికే చేరుకుంటారు.

సాగర్‌లో ఇది ఇంకాస్త కష్టం. చుట్టూ ఎత్తైన కట్టడాలు. వాటి సందుల్లోంచి వచ్చే గాలి ఒక్కోసారి దిశ మార్చుకుంటుంది, ఉన్నట్టుండి విసురుతుంది, అంతలోనే చచ్చిపోతుంది. సముద్రంలో నేర్చుకున్నవాళ్లు కూడా ఇక్కడ తికమకపడతారు. నీటి మీద నల్లగా పాకి వచ్చే ముడతను చూసి, గాలి తనను చేరకముందే పసిగట్టినవాళ్లదే పందెం.

మరి పడవ బోల్తాపడితే? పడుతుంది, పడాలి కూడా. ఈత, లైఫ్ జాకెట్ తప్పనిసరి. లోపల గాలి తిత్తులు ఉంటాయి కాబట్టి పడవ మునగదు. పిల్లలు చుట్టూ ఈదుకొచ్చి, బయటికి పొడుచుకొచ్చిన డాగర్‌బోర్డ్ మీద బరువు మోపితే పడవ లేస్తుంది. లోపలికి ఎక్కి, తాడుతో కట్టి ఉంచిన డబ్బాతో నీళ్లు తోడి మళ్లీ బయల్దేరతారు. ఇదంతా ఎవరికి వాళ్లు చేయగలిగాకే అసలు పందెం. శిక్షకుల మోటారు పడవ దగ్గర్లోనే ఉంటుంది, అవసరమైతేనే వస్తుంది.

బస్తీ నుంచి బుద్ధుడి దాకా

చాలాకాలం సెయిలింగ్ అంటే సైన్యంలో ఉన్నవాళ్లో, క్లబ్బు సభ్యత్వం ఉన్నవాళ్లో ఆడే ఆట. కంటోన్మెంట్ పక్కనే ఉంది కాబట్టి సాగర్‌లోనూ అంతే. 2009లో సుహేమ్ షేక్ స్థాపించిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఆ గీత చెరపడానికి ప్రయత్నించింది. రసూల్‌పురా లాంటి బస్తీల పిల్లల్ని ఒడ్డుకు తీసుకొచ్చి చేతికి తాడు ఇచ్చింది. ఇరుకు ఇళ్లలో పెరిగిన పిల్లలు జాతీయ పోటీల్లో పతకాలు గెలవడం మొదలైంది. ప్రతి ఉదయం బస్సు కిటికీలోంచి చూసి దాటిపోయే చెరువు వాళ్లకు ఆటస్థలమైంది.

సముద్రం లేని ఊరి పిల్లలు ఎంత దూరం పోగలరు? దానికి సమాధానం భోపాల్‌లో ఉంది. మధ్యప్రదేశ్‌కు తీరమే లేదు. దేవాస్ జిల్లాలోని రైతు కుటుంబం నుంచి వచ్చిన నేహా ఠాకూర్ భోపాల్ పెద్ద చెరువులో సాధన చేసింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో బాలికల ఐఎల్‌సీఏ-4 విభాగంలో రజతం గెలిచింది. అదే క్రీడల్లో విష్ణు శరవణన్‌కు ఐఎల్‌సీఏ-7లో కాంస్యం వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు, 2021లో, చెన్నైకి చెందిన నేత్రా కుమనన్ ఒలింపిక్స్‌కు అర్హత సాధించిన తొలి భారతీయ మహిళా సెయిలర్‌గా నిలిచింది.

ఐఎల్‌సీఏ అంటే ఒకప్పటి లేజర్ పడవ. పొడవు 4.23 మీటర్లు. ఆప్టిమిస్ట్ దాటిన పిల్లల్లో చాలామంది దీనికే మారతారు. ఇందులో రంధ్రాలూ ముడుల వరసా ఉండవు. రెండు ముక్కల మాస్ట్‌ను కలిపి, దిండుకు గలీబు తొడిగినట్టు తెరను దానికి తొడిగేయడమే. పడవ ఒకటే, తెరలు మూడు. మొదట 4.7 చదరపు మీటర్లది, తర్వాత 5.76, ఆపైన 7.06. పిల్లలు పెరిగేకొద్దీ తెర పెరుగుతుంది.

ముక్కు మూసుకున్నది మనమే

ఇంత చెప్పుకున్నాక ఓ నిజమూ చెప్పుకోవాలి. సాగర్ నీళ్లు శుభ్రంగా లేవు. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు నగరం మురుగును దశాబ్దాలుగా ఇందులోకి మోసుకొచ్చాయి. కూకట్‌పల్లి నాలాలో కొట్టుకొచ్చే పారిశ్రామిక వ్యర్థాలు వాటికి తోడు. శుద్ధి కేంద్రాలు కట్టారు, నాలాలను మళ్లించారు, పూడిక తీశారు. అయినా ఎండాకాలంలో నాచు పట్టి వాసన వస్తూనే ఉంటుంది. పందెం మధ్యలో డాగర్‌బోర్డ్‌కు పాలిథిన్ సంచి చుట్టుకుంటే గెలవాల్సిన పడవ కూడా వెనకబడుతుంది. బోల్తాపడ్డ పిల్లలు మింగేది ఈ నీళ్లనే అని తలచుకుంటే ఏ తల్లికైనా గుండె గుభేలుమంటుంది.

అయినా వాళ్లు రావడం మానలేదు. చెరువును రోజూ తాకేవాళ్లు ఉంటేనే దాని బాగోగులు అడిగేవాళ్లూ ఉంటారు. కట్ట మీద నిలబడి ముక్కు మూసుకునేవాళ్లకు అది దృశ్యం. తెరచాప కట్టేవాళ్లకు అది దారి.

బందరు బాకీ

తెరచాప మనకు కొత్తేమీ కాదు. ఆ మాటలోనే చాప ఉంది. రెండో శతాబ్దంలో యజ్ఞశ్రీ శాతకర్ణి కాలంనాటి నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంది. సాగర్ తవ్వించిన కుతుబ్‌షాహీలకు సముద్రద్వారం మచిలీపట్నమే. పదిహేడో శతాబ్దంలో బందరు రేవు నుంచి తెలుగునేల అద్దకం బట్టలు తెరచాప ఓడల్లో పర్షియాకూ, పెగూకూ, అచేకూ వెళ్లేవి. గోదావరి మీద తెరచాప ఎత్తిన పడవలు చూసిన తాతయ్యలు ఇప్పటికీ ఉన్నారు. ఆవిరి వచ్చాక, మోటార్లు వచ్చాక గాలిని కట్టే విద్య మన చేతుల్లోంచి జారిపోయింది. అది మళ్లీ రాజధాని నడిబొడ్డున, పదేళ్ల పిల్లల వేళ్లలోంచి తిరిగి వస్తోంది.

సాధన ముగిసి పడవలు ఒడ్డుకు చేరాక సగం పనే అయినట్టు. కట్టిన వరసకు తలకిందులుగా విప్పాలి. ముందు స్ప్రిట్ వదులు చేయాలి, తర్వాత మాస్ట్ దించాలి. తాళ్లనూ తెరనూ మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టాలి. తెరను చీరలా మడతపెడితే మడత దగ్గరే గుడ్డ విరుగుతుంది, అందుకే చాపలా చుట్టి సంచిలో పెట్టాలి. తడి తాడు చిక్కుపడకుండా చుట్లు చుట్టి తగిలించాలి. ఆకలేస్తోందని మధ్యలో వదిలేసి వెళ్లేందుకు లేదు. ఇవాళ సర్దిన తీరును బట్టే రేపు కట్టడం ఎంత తేలికో తేలుతుంది.

చూడాలనుకుంటే...

పడవ పందేల సందడి జులై, ఆగస్టుల్లో ఎక్కువ. ట్యాంక్‌బండ్ మీద సికింద్రాబాద్ వైపు నిలబడితే తెల్లటి తెరలు వరసగా కనిపిస్తాయి. సంజీవయ్య పార్కు వైపు నుంచి ఇంకా దగ్గరగా చూడొచ్చు. పిల్లల్ని తీసుకెళ్తే ఒక ఆట ఆడించండి. ఏ పడవ గాలివాటంగా వెళ్తోందో, ఏది గాలికి ఎదురెళ్తోందో కనిపెట్టమనండి. తెర బాగా బయటికి చాపి ఉంటే గాలితో పోతున్నట్టు, దగ్గరికి లాగి ఉంటే ఎదురెళ్తున్నట్టు. పిల్లలకు నేర్పించాలనుకునేవారు ముందు ఈత నేర్పించండి. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు ఆప్టిమిస్ట్‌తో మొదలుపెట్టొచ్చు. అప్పటిదాకా ఇంట్లో ఓ మీటరు తాడు, ఓ కుర్చీ కాలు ఉంటే చాలు. కుందేలును బొరియలోంచి బయటికి రప్పించి, చెట్టు చుట్టూ తిప్పి, మళ్లీ లోపలికి పంపించమనండి. ముడి ఊడకుండా నిలిస్తే సగం సెయిలర్ అయిపోయినట్టే!